గిత్తను చూసే కన్ను, పుస్తకంలో వేలిముద్ర

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కావలిలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయ పాఠకులకు, పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ళకు, విద్యార్థులకు నమస్కారం.

జ్ఞానమూ సంస్కృతీ కలిసి సంస్థలను, మార్కెట్లను, సమాజాన్ని ఎలా మలుస్తాయో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. నేను ముప్పై ఏళ్ళ పాటు వాణిజ్యశాస్త్రం బోధించాను. ఈ విషయం మీద పాశ్చాత్య పండితులు రాసినవి కొన్ని చదివాను, తరగతిలో చెప్పాను కూడా. అయితే ఆ మాటల అసలు అర్థం నాకు తరగతి గదిలో పట్టుబడలేదు. మా నాన్నగారు పొగాకును వేడితో ఆరబెట్టే గది, అంటే బ్యారన్ దగ్గర, తిరునాళ్ళలో బండలాగుడు పోటీల దగ్గర, మా ఊరి పొదుపు సంఘం సమావేశాల్లో పట్టుబడింది. అందువల్ల ఈ సాయంత్రం నేను చెప్పబోయేవి చాలావరకు మన రెండు జిల్లాల సంగతులే. రెండు జిల్లాలు అని ఎందుకు అంటున్నానంటే, మాది కందుకూరు పక్క ఊరు. 1970 దాకా మేము నెల్లూరు జిల్లా వాళ్ళం, ఆ తర్వాత యాభై ఏళ్ళకు పైగా ప్రకాశం జిల్లా వాళ్ళం, 2022 ఏప్రిల్‌లో మళ్ళీ నెల్లూరు జిల్లా వాళ్ళమయ్యాం. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా పొలం అదే, పంట అదే, ఇచ్చిపుచ్చుకునే మనుషులూ వాళ్ళే.

ముందుగా ఒంగోలు జాతి పశువుల గురించి చెబుతాను. తెల్లటి ఒళ్ళు, నల్లటి ముట్టె, కాటుక దిద్దినట్టు కళ్ళ చుట్టూ నలుపు, పొట్టి కొమ్ములు, నిండైన మూపురం, మడతలు మడతలుగా వేలాడే గంగడోలు, ఈ రూపం దానంతట అదే ఏర్పడింది కాదు. గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు ప్రవహించే ఈ నేలలోని రైతులు తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చిన ఫలితం అది. ఆ ఎంపిక జరిగిన పద్ధతి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. పూర్వం ఊళ్ళో కలిగిన ఇంటి పెద్ద కాలం చేస్తే, ఆయన పేర ఒక కోడెదూడను దేవుడికి వదిలేవారు. అలా వదిలే దూడను ఆ ఇంటివారు తమకు తోచినట్టు తెచ్చి వదలడానికి వీలుండేది కాదు. ఊరి పెద్దలు, పశువుల సంగతి తెలిసినవారు కూర్చుని, దాని తల్లినీ తండ్రినీ గుర్తు చేసుకుని, నడక చూసి, నడుము చూసి, ఒళ్ళు నిమిరి చూసి, సరే అంటేనే దానికి అచ్చు వేసి వదిలేవారు. ఆ తర్వాత అది ఎవరి చేలో మేసినా కర్ర ఎత్తకూడదు. ఊరి ఆవులన్నిటికీ అదే ఆబోతు.

దీన్ని బయటివారు చూస్తే చావుకు సంబంధించిన ఒక కర్మగా, ఒక మతాచారంగా కనిపిస్తుంది. నిజానికి అదొక సంస్థ. దానికి కార్యాలయం లేదు, నియమావళి లేదు, జీతగాళ్ళు లేరు. అయినా మేలైన విత్తనాన్ని ఎంచడం, దాన్ని అందరికీ ఉచితంగా అందించడం, దాని పోషణ ఖర్చును ఊరంతా పంచుకోవడం అనే మూడు పనులను అది తప్పకుండా చేసింది. ఆ మూడింటిలో దేన్నీ ఒక్క రైతు ఒంటరిగా చేయలేడు. ఈ రోజు 'అచ్చోసిన ఆబోతు' అనే మాటను పనీపాటా లేకుండా తిరిగేవాడిని తిట్టడానికి వాడుతున్నాం. ఒకనాడు ఆ అచ్చు ఊరి పెద్దలందరూ కలిసి ఇచ్చిన యోగ్యతాపత్రం. ఆ మాట తిట్టుగా మారిన కాలంలోనే దాని వెనకున్న ఏర్పాటు కూడా కూలిపోయిందని నేను అనుకుంటున్నాను. బంజరు భూములు సాగులోకి వచ్చాయి, పచ్చిక బీళ్ళు తరిగిపోయాయి, జొన్న వేసిన చేలల్లో పొగాకు వచ్చి చొప్ప తగ్గింది, ఆ తర్వాత ట్రాక్టర్లు వచ్చి దుక్కిటెద్దు అవసరమే తీరిపోయింది. ఊరి ఉమ్మడి పోషణ మీద బతికిన ఆబోతుకు ఉమ్మడి అన్నదే లేకుండా పోయింది.

ఇప్పుడు ఇదే పశువు సముద్రం దాటి ఏమైందో చూద్దాం. 1868లో ఇంగ్లండు వెళ్తున్న ఒక ఓడ బ్రెజిల్‌లోని సాల్వదోర్ రేవులో ఆగినప్పుడు అందులోని ఒక ఒంగోలు జంట అక్కడ అమ్ముడుపోయిందని చెబుతారు. ఆ తర్వాత పలు దఫాలుగా మన పశువులు అక్కడికి వెళ్ళాయి. అక్కడ ఆ జాతిని 'నెలోర్' అంటారు. ఒంగోలు గిత్తకు నెల్లూరు పేరు ఎలా వచ్చిందని కొందరు అడుగుతుంటారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేవరకూ ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది కనుక ఆ పేరులో తప్పు లేదు. 1960ల ఆరంభంలో అక్కడికి చేరిన ఆబోతుల్లో ఒకదాన్ని బ్రెజిల్ వాళ్ళు 'కర్వాది' అని పిలిచారు. అది ఒంగోలు పక్కనున్న మన కరవది. ఈ రోజు బ్రెజిల్ మాంసపు పశువుల్లో అత్యధిక భాగం నెలోర్ జాతివే, లేదా నెలోర్ రక్తం ఉన్నవే.

వాళ్ళు చేసిన పని ఏమిటి? మన పెద్దలు కంటితో, చేతితో, జ్ఞాపకంతో చేసినదాన్ని వాళ్ళు కాగితం మీద పెట్టారు. 1938లో వంశావళి పుస్తకాలు తెరిచారు. ఏ దూడ ఏ ఆబోతుకు, ఏ ఆవుకు పుట్టిందో నమోదు చేశారు, పెంపకందార్లు సంఘంగా ఏర్పడ్డారు, బరువునూ ఎదుగుదలనూ కొలిచారు, తమకు కావలసినది దుక్కి దున్నే ఎద్దు కాదు మాంసమిచ్చే పశువు అని లక్ష్యం మార్చుకుని ఆ వైపు ఎంపిక సాగించారు. ఇది మెచ్చుకోదగిన పని. అయితే ఇక్కడ మన విద్యార్థులు తరచు ఒక తొందరపాటు తీర్మానానికి వస్తారు: రాసుకున్నవాళ్ళు గెలిచారు, రాసుకోనివాళ్ళు ఓడారు అని. నేను దాన్ని ఒప్పుకోను. బ్రెజిల్ వాళ్ళకు రాసుకోవడానికి పనికొచ్చే పశువు చేతికందింది అంటేనే, అంతకుముందు రాయకుండా ఎంచిన కన్ను ఒకటి ఉందన్నమాట. ఊరి పెద్దల సభ అయినా, పెంపకందార్ల సంఘం పుస్తకమైనా ఒకే పని చేస్తున్నాయి. ఒక మనిషి 'నా దూడ మంచిది' అంటే, దాన్ని సరిచూసి 'అవును' అనో 'కాదు' అనో చెప్పగల మరో నలుగురిని అతని ముందు నిలబెడుతున్నాయి. సరిచూసేవారు ఉన్నంతకాలం జ్ఞానం బతుకుతుంది. వారు లేని రోజున పుస్తకంలో ఉన్నా లేకపోయినా అది ఎండిపోతుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే; మిగిలినదంతా దానికి ఉదాహరణ.

మన దగ్గర ఆ కన్ను పూర్తిగా పోలేదు. పళ్ళను బట్టి వయసు లెక్కగట్టి పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అంటూ బండలాగుడు పోటీలు జరిగే చోటికి వెళ్ళి చూడండి. గిత్త కాడి కిందకు రాకముందే, కట్టుగొయ్య దగ్గర దాని నిలబడే తీరు చూసి ఇది ఎంత దూరం లాగుతుందో చెప్పే మనుషులు ఇంకా ఉన్నారు. కానీ ఆ పోటీ పరీక్షించేది లాగే శక్తిని మాత్రమే. ఆవు పాలను, దూడల ఎదుగుదలను, రోగాన్ని తట్టుకునే గుణాన్ని పరీక్షించదు. ఏది పోటీలో గెలుస్తుందో దాన్నే మనుషులు పెంచుతారు. సంస్కృతి మార్కెట్‌ను మలిచే దారుల్లో ఇదొకటి: సమాజం దేనికి చప్పట్లు కొడుతుందో రైతు దాని మీద డబ్బు పెడతాడు. ప్రభుత్వ పశుక్షేత్రాలు, మన జిల్లాలోని చింతలదేవి వంటివి, జాతిని కాపాడే పని చేస్తున్నాయి. వాటికి ఊళ్ళతో ఆ పాత సంబంధం మళ్ళీ ముడిపడితే తప్ప వాటి శ్రమకు తగిన ఫలం దక్కదని నా అభిప్రాయం.

ఇక పొగాకు దగ్గరికి వస్తాను. మా నాన్నగారు వర్జీనియా పొగాకు పండించేవారు. ఆకు విరిచి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో ఎక్కించాక అయిదారు రోజులు నిద్ర ఉండేది కాదు. మొదట 35 డిగ్రీల ప్రాంతంలో సన్నటి వేడి మీద ఆకు పసుపు రంగు తిరగాలి. తర్వాత వేడి మెల్లగా పెంచుతూ, గాలి వదులుతూ ఆ రంగును నిలబెట్టాలి. చివరకు 70 డిగ్రీల దాకా తీసుకుపోయి ఈనె ఎండబెట్టాలి. వేడి ఒక పూట ముందు పెంచితే ఆకు పచ్చగానే ఆగిపోతుంది, ఒక పూట ఆలస్యమైతే మచ్చలు పడి గోధుమరంగుకు దిగిపోతుంది. లోపల ఉష్ణమాపకం వేలాడుతూనే ఉండేది. అయినా నాన్న తలుపు తీసి, ముందు వాసన చూసేవారు, తర్వాత ఆకును వేళ్ళ మధ్య నలిపేవారు, ఆ తర్వాతే మాపకం వైపు చూసేవారు. ఎలా తెలుస్తుంది నాన్నా అని నేను అడిగితే, చేతికి తెలుస్తుందిరా అనేవారు. హంగేరీలో పుట్టి ఇంగ్లండులో పనిచేసిన మైకేల్ పొలానీ అనే రసాయన శాస్త్రవేత్త తర్వాత తత్త్వశాస్త్రం వైపు మళ్ళి, మనిషి చెప్పగలిగినదాని కన్నా అతనికి తెలిసినది ఎక్కువ అని వాదించారు. ఆయన మాటలు చదివిన రోజు నాకు బ్యారన్ తలుపు దగ్గర నిలబడిన మా నాన్నగారే గుర్తొచ్చారు.

అంత తెలిసిన మనిషి అమ్మకం రోజున మాత్రం ఏమీ తెలియనివాడైపోయేవారు. వేలం కేంద్రాలు రాకముందు కొనుగోలుదారు మనుషులు ఇంటికే వచ్చేవారు. ఆకు విప్పి చూసి, ఇది ఫలానా రకం, దీనికి ఇంతే అని వాళ్ళే రకమూ చెప్పేవారు, ధరా చెప్పేవారు. 'రంగు బాగానే తిరిగింది కదా' అని నాన్న అంటే, 'రంగు ఉంది గానీ ఒళ్ళు లేదు' అనేవారు. ఒళ్ళు ఉంటే రంగు లేదు అనేవారు. పక్క ఊళ్ళో ఎంతకు కొన్నారో మాకు తెలియదు, గుంటూరులో ఎంత ఉందో తెలియదు. ఆ సంవత్సరాల్లో ఒకసారి ఆకు తీసుకుపోయిన మనుషులు డబ్బు పూర్తిగా ఇవ్వడానికి మరుసటి పంట దాకా తిప్పారు. వాళ్ళ మీద కోపం కన్నా, వాళ్ళతో వాదించడానికి తన దగ్గర మాట లేదన్న బాధ ఆయనకు ఎక్కువగా ఉండేది. జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో ఒక సంగతి నిరూపించారు. సరుకు నాణ్యత ఒక పక్షానికి తెలిసి రెండో పక్షానికి తెలియకపోతే మంచి సరుకుకు మంచి ధర రాదు, క్రమంగా మంచి సరుకే అంగడి నుంచి తప్పుకుంటుంది అన్నారు. ఆయన ఉదాహరణలో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. మా ఇంట్లో ఆకు ఎలాంటిదో నాన్నకే ఎక్కువ తెలుసు. కానీ దాన్ని ఏ పేరుతో పిలవాలో నిర్ణయించే అధికారం కొనేవాడిది. తెలివి ఉండడం వేరు, ఆ తెలివి లెక్కలోకి రావడం వేరు. ఈ తేడాను నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇంత స్పష్టంగా చూడలేదు.

1975 చట్టం ప్రకారం 1976లో పొగాకు బోర్డు ఏర్పడింది. 1984లో కర్ణాటకలో, మరుసటి ఏడు మన రాష్ట్రంలో వేలం అమ్మకాలు మొదలయ్యాయి. ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి, కలిగిరి వంటి చోట్ల వేలం కేంద్రాలు వచ్చాయి. ఇప్పుడు బేళ్ళు, అంటే పొగాకు కట్టలు, వరుసగా పెడతారు, ప్రతి బేలు మీద చీటీ ఉంటుంది, బోర్డు తరఫున గ్రేడు వేస్తారు, కొనేవారందరూ ఒకేసారి చూస్తారు, ధర అందరి ముందూ తేలుతుంది. నచ్చకపోతే రైతు బేలును వెనక్కి తీసుకుపోవచ్చు. మా నాన్నగారికి తొలి ఏడాది వచ్చిన ధర కన్నా, పక్క రైతు బేలుకు ఎంత వచ్చిందో కళ్ళారా చూడగలగడం ఎక్కువ తృప్తినిచ్చింది. ఇంటికి వచ్చాక ఆ రాత్రి అరుగు మీద కూర్చున్న నలుగురూ ధర గురించి కాక ఆకు గురించి మాట్లాడుకున్నారు: ఆ బేలు ఎందుకు ఎక్కువ పలికింది, అతను ఎన్నో విరుపు ఆకు తెచ్చాడు, రంగు నిలబెట్టేటప్పుడు గాలి ఎంత వదిలాడు అని. అంగడి న్యాయంగా ఉన్నప్పుడు అది బడి కూడా అవుతుందని నాకు ఆ రాత్రి తెలిసింది.

ఈ ఏర్పాటును పొగిడి ఊరుకోవడం కూడా నిజాయితీ కాదు. 2015లో ధరలు కుంగినప్పుడు ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వేలం పాట బహిరంగంగానే జరుగుతోంది, చీటీలు ఉన్నాయి, ధర అందరికీ తెలుస్తోంది. అయినా ఆ ఘోరం జరిగింది. ఫ్రెడ్రిక్ హయెక్ అనే ఆర్థికవేత్త 1945లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, దేశమంతా చెల్లాచెదురుగా ఉన్న మనుషుల తెలివిని ధర అనేది ఒక్క అంకెలోకి కుదించి అందరికీ చేరవేస్తుందని చెప్పారు. అది గొప్ప మాట, చాలావరకు నిజం. కానీ పొగాకు రైతుకు ధర ఎప్పుడు చేరుతుంది? కౌలు కట్టి, నారు నాటి, బ్యారన్‌కు కట్టెలు తోలి, అప్పు చేసి, ఆకు ఆరబెట్టి, బేలు కట్టి కేంద్రానికి తెచ్చాక చేరుతుంది. విదేశాల్లో గిరాకీ తగ్గుతోందని, నిల్వలు పేరుకున్నాయని కొనేవారికి అంతకు ఎన్నో నెలల ముందే తెలుసు. ధర అబద్ధం చెప్పలేదు, ఆలస్యంగా చెప్పింది. ఆ ఆలస్యానికి అయిన ఖర్చంతా ఒక్క పక్షం మీదే పడింది. గ్రేడును సరిచూసే మనిషిని వేలం కేంద్రంలో పెట్టుకున్నాం గానీ, గిరాకీ గురించి కొనేవారు చెప్పే మాటను సరిచూసే మనిషిని రైతు పక్షాన ఇప్పటికీ పెట్టుకోలేదు.

ఇప్పుడు నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైన సంగతికి వస్తాను. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రిపూట లాంతరు వెలుగులో, కూలి పని నుంచి వచ్చిన ఆడవాళ్ళు పలకలు పట్టుకుని కూర్చునేవారు. ఆ తరగతుల్లో అక్షరాలతో పాటు మాటలు నడిచేవి. కూలి డబ్బు ఎటు పోతోంది, రాత్రి ఇంట్లో గొడవ ఎందుకవుతోంది, బడికి వద్దామంటే దారిలో సారా అంగడి దగ్గర ఎందుకు భయపడాల్సి వస్తోంది. ఇవేవీ వాళ్ళకు కొత్తగా తెలిసిన విషయాలు కావు. ప్రతి ఆడమనిషికీ తన ఇంటి సంగతి తెలుసు. తెలియనిది ఒక్కటే: పక్కింట్లోనూ ఇదే జరుగుతోందని, ఇది తన తలరాత కాదని, ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ ఒకే కారణంతో జరుగుతోందని. రాత్రిబడి ఇచ్చిన జ్ఞానం ఇది. విడివిడిగా ఉన్న తెలివి ఒకచోట కూర్చుంటే దాని స్వభావమే మారిపోతుంది.

జిల్లాలోని దూబగుంట ఊరి ఆడవాళ్ళు సారా అంగడిని మూయించారు. ఆ ఊరి వర్ధినేని రోశమ్మ పేరు ఉద్యమానికి గుర్తుగా నిలిచింది. అక్షరాస్యతా వాచకంలో ఆ సంఘటన 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠంగా చేరింది. ఒక ఊళ్ళో జరిగినదాన్ని వందల ఊళ్ళ ఆడవాళ్ళు కూడబలుక్కుని చదివారు, చదివి ఇక్కడ మనమెందుకు చేయకూడదు అనుకున్నారు. ఒక చిత్రమైన సంగతి మీరు గమనించాలి. ఆ వాచకాన్ని అచ్చువేయించిందీ ప్రభుత్వమే, సారా అంగళ్ళకు వేలం పాటలు పాడించి ఖజానా నింపుకుంటున్నదీ ప్రభుత్వమే. ఒక శాఖ చదువు నేర్పితే ఆ చదువు మరో శాఖ ఆదాయానికి ఎదురు తిరిగింది. ఆడవాళ్ళు కలెక్టరు కార్యాలయం దాకా వచ్చి సారా పాటలను అడ్డుకున్నారు, జిల్లాలో పాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది, 1997లో దాన్ని సడలించారు. సడలింపును చూపించి ఉద్యమం ఓడిపోయిందని అనేవారు ఉన్నారు. సారా మానిపించడం వరకే చూస్తే వారి మాటలో కొంత నిజం ఉండవచ్చు. కానీ ఆ ఆడవాళ్ళు అక్కడ ఆగలేదు.

సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలడం మొదలయ్యాక, రోజుకు ఒక రూపాయి దాచుకుందామన్న ఆలోచన నెల్లూరు జిల్లాలో 'పొదుపు లక్ష్మి'గా రూపుదిద్దుకుంది. పది పదిహేను మంది ఒక సంఘం, మనిషికి నెలకు ముప్పై రూపాయలు, నెలకో సమావేశం, ఒక తీర్మానాల పుస్తకం, ఒక లెక్కల పుస్తకం. అదే కాలంలో, 1992లో, జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు అయిన నాబార్డు దేశవ్యాప్తంగా 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా బ్యాంకు అప్పుల అనుసంధానం మొదలుపెట్టింది. తర్వాత ఈ రాష్ట్రంలో లక్షల సంఘాలు వచ్చాయి. బ్యాంకు దృష్టితో చూస్తే ఇదొక అప్పుల పద్ధతి. మా ఊరి సమావేశాల్లో కూర్చుని చూసిన నాకు అందులో జ్ఞానాన్ని నిలబెట్టే ఒక అమరిక కనిపించింది. ఎవరికి అప్పు ఇవ్వాలో నిర్ణయించేటప్పుడు అక్కడ జరిగే చర్చ ఏ బ్యాంకు మేనేజరూ చేయలేడు. ఆమె గేదె కొంటానంటోంది గానీ ఇంట్లో గడ్డి లేదు కదమ్మా అని ఒకరు అంటారు. మొన్న కోతల డబ్బు రావాలి, వస్తే కడుతుంది, నేను పూచీ అని మరొకరు అంటారు. ఇదంతా ఏ దరఖాస్తులోనూ పట్టని తెలివి. ఒంగోలు కోడెదూడ ఒళ్ళు నిమిరి చూసిన పెద్దల తెలివికి ఇది చెల్లెలు. తేడా ఏమిటంటే, ఆ పెద్దల సభలో ఆడవాళ్ళకు చోటు లేదు, పేద కులాలకు చోటు లేదు. పాత ఏర్పాట్లను తలచుకుని మురిసిపోయేటప్పుడు ఆ సంగతిని నేను మరిచిపోదలచుకోలేదు.

రూపం ఉండి ప్రాణం లేకపోతే ఏమవుతుందో కూడా మన రాష్ట్రమే చూసింది. పొదుపు సంఘాలు అప్పులు సక్రమంగా తీరుస్తున్నాయని గమనించిన ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు అదే నమూనాను తీసుకున్నాయి. ఆడవాళ్ళను గుంపుగా కూర్చోబెట్టారు, ఒకరికొకరు పూచీ అన్నారు, వారం వారం వసూలు అన్నారు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ అక్కడ ముందు పొదుపు లేదు, ఎవరికి ఎంత ఇవ్వాలన్న చర్చ లేదు, పుస్తకం సంఘం చేతిలో లేదు. సాటి మనిషి మీద ఉన్న ఎరుక, ఆమెకు సలహా చెప్పడానికి బదులు ఆమె ఇంటి ముందు కూర్చుని వసూలు చేయడానికి వాడారు. ఒకే ఇంటికి నాలుగు చోట్ల అప్పు, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. నిర్వహణ శాస్త్రం చదివే విద్యార్థులు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలని నా కోరిక. సంస్థ ఆకారాన్ని ఒక్క నెలలో నకలు తీసుకోవచ్చు. అందులోని మనుషులు ఒకరి మాటను ఒకరు సరిచూసుకునే అలవాటు పెరగడానికి రాత్రిబడి రోజుల నుంచి ఏళ్ళు పట్టింది.

తీరం వైపు ఊళ్ళ నుంచి వచ్చిన మిత్రులు ఇక్కడ ఉన్నారు కనుక రొయ్యల గురించి కూడా కొంచెం చెబుతాను. మన తీరంలో 'కల్చర్' అంటే సంస్కృతి అని ఎవరూ అనుకోరు. ఈసారి కల్చర్ బాగుందా అంటే రొయ్యల పంట బాగుందా అని. ఆ ఇంగ్లీషు మాట పుట్టిన లాటిన్ ధాతువుకు కూడా దున్నడం, సాకడం అనే అర్థం కనుక మన రైతులు దాన్ని దాని పుట్టింటికే చేర్చారు. 1990లలో టైగర్ రొయ్య మీద వచ్చిన డబ్బూ, 1994, 95లలో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులు తుడిచిపెట్టుకుపోవడమూ మీలో చాలామంది అనుభవించారు. ఆ వైరస్‌కు మందు లేదు. శుభ్రమైన సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేయడం, నీటిని శుద్ధి చేయడం, రోగం కనిపించగానే పక్క చెరువు వాళ్ళకు చెప్పడం, ఇవే దారులు. మొదటి రెండూ డబ్బుతో అవుతాయి. మూడోది డబ్బుతో కాదు. నా చెరువులో రోగం వచ్చిందని తెలిస్తే కొనేవాడు ధర తగ్గిస్తాడు, అందుకని రైతు రాత్రికి రాత్రి రొయ్యల పట్టుబడి చేసి, ఆ నీటిని బ్లీచింగ్ వేయకుండానే కాలువలోకి వదులుతాడు. ఆ కాలువ నీటినే కింది చెరువు తోడుకుంటుంది. ఒక్కరు దాచిన నిజం వారంలో పది చెరువుల నష్టమవుతుంది. 2007లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా ఆధ్వర్యంలో ఏర్పడిన నాక్సా (సుస్థిర ఆక్వాసాగు జాతీయ కేంద్రం) చిన్న రైతులను సంఘాలుగా కూర్చి, ఒకే కాలువ మీది చెరువులన్నీ కలిసి సీడ్ వేసే తేదీలు అనుకోవడం, రోగం దాచకపోవడం వంటి కట్టుబాట్లను ప్రోత్సహించింది. 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చింది, సాంకేతికం పెరిగింది, నీటికి గాలి అందించే ఏరియేటర్లు వచ్చాయి, ల్యాబులు వచ్చాయి. కానీ ఏ ల్యాబు రిపోర్టు అయినా పక్క చెరువు రైతుకు చేరాలంటే చెప్పే నోరు కావాలి, చెప్పినందుకు నష్టపోననే నమ్మకం కావాలి. ఆ నమ్మకం ఉన్న కాలువల మీద నష్టం తక్కువగా ఉండడం నేను చూశాను.

చివరిగా గ్రంథాలయం వారికి ఒక విన్నపం. పొదుపు సంఘాల తొలినాళ్ళ తీర్మానాల పుస్తకాలు మన ఊళ్ళలో చాలా ఇళ్ళలో అటకల మీద, రేకు పెట్టెల్లో ఉన్నాయి. ఇప్పుడు లెక్కలన్నీ ట్యాబుల్లోకి, ఫోన్లలోకి మారాయి కనుక వాటిని ఎవరూ తెరవడం లేదు, కొన్ని చెదలు పట్టిపోయాయి, కొన్ని పాత కాగితాల బేరగాడి బండి ఎక్కాయి. ఎవరు ఎందుకు అప్పు అడిగారు, సంఘం ఎందుకు కాదంది, కాదన్నాక ఆమె ఏమంది అన్నదంతా అందులో ఉంది. మన జిల్లా ఆడవాళ్ళు తమ చేత్తో రాసుకున్న ఆర్థికశాస్త్రం అది. సంఘాల అనుమతి తీసుకుని, వ్యక్తుల పేర్లు బయటపెట్టకుండా, వాటిని సేకరించి భద్రపరచమని కోరుతున్నాను. మా ఊరి సంఘం వారు తమ మొదటి పుస్తకాన్ని ఇవ్వడానికి ఒప్పుకుని నాతో పంపారు. దీన్ని ఈ బల్ల మీద ఉంచుతున్నాను. మొదటి ఏడు పేజీల్లో ప్రతి తీర్మానం కిందా వేలిముద్రలే ఉన్నాయి. ఎనిమిదో పేజీలో ఒక సంతకం ఉంది. అక్షరాలు వంకరగా, గీత దాటిపోయి ఉన్నాయి. పన్నెండో పేజీకి వచ్చేసరికి వేలిముద్రలు మూడే మిగిలాయి. సభ ముగిశాక ఒక్కొక్కరుగా వచ్చి, పేజీలు జాగ్రత్తగా తిప్పి చూడండి.